రోలు, మోకాళ్లు, ఒక అల్ట్రావైడు లెన్సు

నవంబరు నెల, ఆఖరి ఆదివారం. స్థలం: బచేలి ఇనుపగనుల టౌన్‌షిప్పు, మా కంపెనీ క్వార్టరు వెనక వరండా. హాజరైనవారు: నేను, మా ఆవిడ, విజయనగరం నుంచి వచ్చిన మా బావమరిది, పక్క క్వార్టరు కాంటా దాదా (లారీల తూకం దగ్గర ఉద్యోగం, అందుకని ఆ పేరు), బాసగూడ నుంచి వచ్చిన చింతపండక్క, నేలలో సిమెంటు వేసి పాతిన ఒక రుబ్బురోలు. గైరుహాజరైనవారు: ఎవరూ లేరని ఆ సాయంత్రం దాకా అనుకున్నాను.

ఆ రోజుల్లో నేను మరీ కుర్రవాణ్ణి. అరవై ఏళ్లు నిండి, మెడలో దండ వేయించుకుని, గని బస్సు చివరిసారి దిగి కొద్ది నెలలే అయింది. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడికీ, రిటైర్మెంటులో కొత్తగా చేరినవాడికీ నాకు తేడా కనబడదు. ఇద్దరికీ తెలియనిది లోకంలో ఏదీ ఉండదు. ఇద్దరూ అడగని సలహాలు ఇస్తారు. ఇద్దరూ ఇంట్లోవాళ్లు మాట్లాడుతుంటే వినరు. మొదటివాణ్ణి దారిలో పెట్టడానికి పైఅధికారి ఉంటాడు; రెండోవాడికి ఆ భాగ్యం కూడా లేదు. నేను ముప్ఫై ఏళ్లపైన కొండమీద కన్వేయర్ బెల్టుల తనిఖీ చేసినవాణ్ణి. బెల్టు మధ్యలో ఎలా ఉన్నా, అంచులు చూడందే సంతకం పెట్టేవాణ్ణి కాదు. ఈ అలవాటే నా కొంప ముంచిందని ముందే చెప్పేస్తున్నాను. కథలో మలుపులు దాచుకునే ఓపిక ఈ వయసులో లేదు.

రిటైరైనవాడు గడువులోగా క్వార్టరు ఖాళీ చేయాలి. మాకు ఇచ్చిన గడువు నవంబరు నెలాఖరు. భద్రాచలంలో చిన్న ఇల్లు చూసుకున్నాం, సామాను సగం కట్టేశాం. మా ఆవిడ దేనికీ ఏడవలేదు. కొండ మీది ఎర్రదుమ్ము ఇన్నేళ్లూ తుడిచి తుడిచి విసుగెత్తిన మనిషి, పీడా పోయింది అనే అన్నది. ఒక్కటే కోరింది.

"తాళాలు ఇచ్చేసేలోగా ఈ వరండా ఒక్క ఫొటో తీయండి. వరండా అంతా రావాలి. ఇక్కడ కూచుని తిన్నోళ్లు రావాలి. నా రోలు రావాలి. అన్నీ ఒక్కదాంట్లోనే."

రోలు సంగతి చెప్పాలి. ఆంధ్రా నుంచి వచ్చి ఈ టౌన్‌షిప్పులో కాపురాలు పెట్టిన మా తరం ఆడవాళ్లందరూ చేసిన ఒకే ఒక్క చట్టవిరుద్ధమైన పని, క్వార్టరు వరండా తవ్వించి రోలు పాతించుకోవడం. కంపెనీ ఇంట్లో మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి. అయినా ప్రతి ఇంట్లోనూ రోలు వెలిసింది. తనిఖీకి వచ్చిన ఎస్టేటు బాబు దానిమీద పీట వేసుకుని కూర్చుని, గారెలు తిని, 'అభ్యంతరకరమైనదేదీ కనబడలేదు' అని రాసుకుని వెళ్లేవాడు. (అది అక్షరాలా నిజం. ఆయన దానిమీద కూర్చున్నాడు కనక కనబడదు.) గ్రైండరు వచ్చాక మా ఆవిడ రోలు మానేసింది గాని, పిల్లలు దాని అంచుమీదే కూర్చుని అన్నం తిన్నారు. ఇప్పుడు ఖాళీ చేసేటప్పుడు మాత్రం నేల ఎలా ఇచ్చారో అలా అప్పజెప్పాలి. సోమవారం పొద్దున మేస్త్రీ వచ్చి రోలు పెకలించి గచ్చు చేసేస్తాడు. అంటే ఆదివారం దాటితే ఆ ఫొటో ఇక ఈ జన్మకు లేదు.

నా దగ్గర కెమెరా ఉంది. వీడ్కోలు సభలో తోటివాళ్లు ఇచ్చింది. వరండా చూస్తే రైలుపెట్టె నడవలా ఉంటుంది, పొడుగెక్కువ, వెడల్పు తక్కువ. ప్రహరీ గోడకు వీపు ఆనించి నిలబడినా కెమెరాతో వచ్చిన లెన్సులో మూడోవంతు కూడా పట్టదు. మూడు ఫొటోలు తీసి పక్కపక్కన అతికిస్తానన్నాను. "ముక్కలెందుకూ, చేపా?" అన్నది మా ఆవిడ. దాంతో అల్ట్రావైడు లెన్సు కొనాలని నిశ్చయమైంది. చవకగా దొరకాలి, చవకబారుగా ఉండకూడదు. ఇంతే కదా అనుకున్నాను. దసరాకు ముందు అనుకున్నానా, దీపావళి వెళ్లిపోయినా అనుకుంటూనే ఉన్నాను.

ఈ లెన్సులను పరీక్షించి చెప్పే ఒక జాతి మనుషులు యూట్యూబులో ఉన్నారు. వీళ్లు జన్మలో ఒక మనిషి మొహం ఫొటో తీసిన దాఖలాలు లేవు. వీళ్ల పనల్లా ఇటుక గోడను తీయడం. తీసి, నడిమధ్యను గాలికి వదిలేసి, నాలుగు మూలలనూ భూతద్దంలో చూసినట్టు పెద్దవి చేసి, 'ఇదిగో, ఇక్కడ కాస్త మెత్తబడింది' అని పెదవి విరవడం. ఎండలో పెట్టిన వెన్నా మెత్తబడ్డానికి? గడ్డమాయన మెచ్చిన లెన్సును టోపీ ఆయన తిట్టేవాడు. టోపీ ఆయన మెచ్చినదాన్ని మూడోవాడు 'నేనైతే నా శత్రువుకు కూడా చెప్పను' అనేవాడు. వీళ్లను నేను ఎంత ఈసడించుకునేవాణ్ణో చెప్పలేను. ఈసడించుకుంటూనే ఒక్కటి కూడా వదలకుండా చూశాను, కొన్ని రెండుసార్లు. చూసి డైరీలో ఎక్కించాను. (అంతకు ముందు ఆ డైరీలో వానలూ, బెల్టులూ, బంధువుల రాకపోకలూ ఉండేవి. ఆ రెండు నెలలూ మూలలు తప్ప ఏమీ లేవు. ఆ మధ్యలో మా పెద్దమ్మాయి ఫోను చేసిందో లేదో కూడా చూస్తే తెలియదు.)

కెమెరా చేసిన కంపెనీవాళ్ల సొంత లెన్సు మహా బాగుందట. దాని ధర చూసి, బాగుండక ఏం చేస్తుందిలే అని పక్కన పెట్టాను. పదహారు మిల్లీమీటర్లది ఒకటి చవకగా కనబడింది. తీరా చదివితే, నా కెమెరా లోపలి సెన్సారు చిన్నదిట, దాంట్లో పెడితే ఆ పదహారు కాస్తా ఇరవై నాలుగులా మసలుతుందిట, వెడల్పు తగ్గిపోతుందిట. మరి ఆ ముక్క డబ్బామీద రాయడానికి వాళ్లకేం వచ్చిందో నాకు తెలియదు. జగదల్‌పూర్‌లో పెళ్లి ఫొటోలు తీసేవాడి దగ్గర పాతది ఉందంటే బస్సెక్కి వెళ్లాను. అద్దం లోపల తెల్లగా, సాలెగూడు కట్టినట్టు బూజు. ఇదేమిటయ్యా అంటే, ఏమాత్రం తొణక్కుండా, "సాబ్, వో తో అందర్ కా డిజైన్ హై," అన్నాడు. లోపలి డిజైనుట! ఆ డిజైను మా ఇంట్లో ఆవకాయ జాడీ మీద వస్తే మా ఆవిడ జాడీతో సహా పారబోస్తుంది.

మా బావమరిది దీపావళికి వచ్చినప్పుడు తన పద్ధతిలో సాయం చేశాడు. ఈయనకు విజయనగరంలో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. అంచేత కరెంటుతో నడిచే ప్రతిదీ తన శాఖ కిందికే వస్తుందని నమ్మకం. ముందు తన ఫోను తీసి, "దీనికెందుకు బావా ఇంత హంగామా? ఇందులోనే ఉంది కదేటి వైడు," అని తీశాడు. వరండా మొత్తం వచ్చింది, నిజమే. కాని మా వరండాలో వెలుతురు తక్కువ. మనుషుల మొహాలు రవ్వలో పొర్లించి తీసినట్టు వచ్చాయి. ఆ మాట అంటే, మర్నాడు ఎక్కడినుంచో కెమెరా లెన్సు ముందు బిగించే ఒక గాజుమూత తెచ్చాడు. అది పెట్టి చూస్తే మా ఇంటిని మేమే తలుపుకన్నంలోంచి దొంగల్లా చూస్తున్నట్టుంది. "బాగానే ఉంది కదా!" అన్నాడు. ఆయనకు అన్నీ బాగానే ఉంటాయి. అంత సుఖమైన మనస్తత్వం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆవిడ ఇవన్నీ చూసింది. ఒకరోజు కాఫీ గ్లాసు బల్లమీద కాస్త గట్టిగా పెట్టి, "నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఒక్క పూటలో సరేననేశారు. అప్పుడు మూలలు చూళ్లేదేటండీ?" అని అడిగింది. నేను లెన్సుకూ పెళ్లికీ గల తేడా వివరించబోయాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

చింతపండక్క ఒకతె ఉంది. బాసగూడ నుంచి బస్సులు మారి వచ్చి, సంతలో చింతపండూ ఇప్పపువ్వూ అమ్ముకుని, మా వరండాలో ఒక ముద్ద తిని వెళ్లడం ఎన్నో ఏళ్లుగా ఆనవాయితీ. మా ఆవిడకు మొదట్లో హిందీ రాదు, అక్కకు మా వైపు తెలుగు సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది. రోలు మీద ఆమె కన్ను చాలాకాలం నుంచి ఉంది. "పోయేటప్పుడు ఆ రోలు నాకిడిసి పోండ్రమ్మా" అని అడిగితే మా ఆవిడ సరేనన్నది కూడా. ఇప్పుడు వచ్చినప్పుడల్లా నన్ను చూసి నవ్వేది. "ఏంది సారూ, ఇంకా అద్దమే దొరకలేదా? ఇల్లు కాలీ జేసి పోయినంక ఎవల్ని దీస్తవ్, పిల్లులనా?"

చివరికి పది మిల్లీమీటర్ల చిన్న లెన్సు ఒకటి తేల్చాను. ఎవరో ఊరూ పేరూ తెలియని కంపెనీది. దానంతట అది ఫోకస్ చేసుకోదు, చేత్తో తిప్పుకోవాలి. ముందరి అద్దం కప్ప కన్నులా ఉబ్బి ఉంటుంది గనక దానికి మూత అద్దం బిగించడం కుదరదు. ఈ లోపాలున్నాయి గనకనే అది నా అందుబాటులోకి వచ్చింది. గడ్డమాయన, టోపీ ఆయన ఇద్దరూ 'ఈ ధరకు మూలలు ఆశ్చర్యకరం' అన్నారు. ఇద్దరూ ఒకే మాట అనడం అదే మొదటిసారి. తెప్పించేశాను. పార్సిలు వచ్చేసరికి గడువుకు వారమే ఉంది. ఆ వారంలో నేను ఏం చేయాలి? ఇంట్లో మనుషుల్ని నిలబెట్టి ఒకసారి తీసి చూడాలి. నేనేం చేశాను? ప్రహరీ గోడను తీశాను. పొద్దున ఎండలో ఒకసారి, సాయంత్రం నీడలో ఒకసారి, రోజూ. ఇటుకలు బ్రహ్మాండంగా వచ్చాయి.

ఆదివారం వచ్చింది. వంట అయింది. ఫొటో కోసమని మళ్లీ వచ్చిన బావమరిది మధ్యాహ్నం బండికి తిరిగి వెళ్లాలి, అక్క బస్సుకు వెళ్లాలి. బస్సు తప్పితే మా ఇంట్లోనే ఉంటానని ముందే చెప్పింది. కాంటా దాదా తెల్ల చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె పెట్టుకుని వచ్చాడు. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు. "సాబ్, హమ్‌కో పూరా లేనా, ఆధా నహీ," అన్నాడు. ఇదివరకు ప్రతి గ్రూపు ఫొటోలోనూ తల తెగిపోయిందని ఆయన బాధ. పూర్తిగా తీస్తాను దాదా, దానికే కదా ఇదంతా అన్నాను.

ఎవరెక్కడ అనే చర్చ మొదలైంది. రోలు వరండా లోపలివైపు ఉంది. మా ఆవిడ దాని పక్కన, వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె చోటు ఎప్పుడూ అదే; అందరం తింటుంటే అక్కడినుంచే వడ్డించేది. అక్క ఎడమ చివర, దాదా కుడి చివర. బావమరిది కూడా వెనక నిలబడితే సరిపోయేది. కాని మా ఆవిడ ఒప్పుకోలేదు.

"అంత దూరం నుంచి వచ్చినోణ్ని వెనక నిలబెడతారేటండీ? ఆడికి ముందు కుర్చీ వెయ్యండి."

టౌన్‌షిప్పు పద్ధతి కూడా అదే. ఏ ఫొటో అయినా ముందు వరసలో కుర్చీ, కుర్చీలో అతిథి, అతిథి చేతులు మోకాళ్లమీద. బావమరిది కెమెరాకు మూరెడు దూరంలో కుర్చీ లాక్కుని, మోకాళ్లు విశాలంగా విడదీసి, మంత్రిగారిలా కూర్చున్నాడు. నేను స్టాండు సరిచేసి, ఫోకస్ చేత్తో తిప్పి, టైమరు నొక్కి, పరుగెత్తుకెళ్లి అక్క పక్కన నిలబడ్డాను. క్లిక్కుమంది.

"వచ్చిందా?" అని అడిగింది మా ఆవిడ.

చూస్తానుండు అన్నాను. కెమెరా వెనక చిన్న తెరమీద ఫొటో తెచ్చి, పెద్దది చేసి, పై ఎడమ మూల చూశాను. సున్నం పెచ్చు స్పష్టంగా ఉంది. పై కుడి మూల, బల్లి తోకతో సహా ఉంది. కింది మూలలు రెండూ చూశాను. ఏ ఒక్కటీ మెత్తబడలేదు. ఆ ఆనందంలో, ముప్ఫై ఏళ్లు బెల్టు కాగితాలమీద సంతకం పెట్టిన అధికారంతో, "పాస్!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాలు చేశారు. బావమరిది స్టేషనుకు వెళ్లాడు. దాదా డ్యూటీకి వెళ్లాడు. అక్క మాత్రం తీరిగ్గా బస్సు తప్పించుకుంది.

ఆ సాయంత్రం టీవీకి తగిలించి ఫొటో పెట్టాను. మధ్యభాగం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

వరండా అంతా వచ్చింది, అందులో అబద్ధం లేదు. రాకూడనివి కూడా వచ్చాయి. పాత లెన్సు లెక్కలో మా ఆవిడ ఓ పక్కకు నెట్టించిన చీపుర్లు, చుట్టిన చాపలు, తీగమీద ఆరేసిన నా బనీన్లు మూడూ కొలువుతీరాయి. అంచున నిలబడ్డ కాంటా దాదా పక్కకు సాగి, వాలిపోతున్న కరెంటు స్తంభంలా ఉన్నాడు. తల మాత్రం తెగలేదు, పుచ్చకాయంత వచ్చింది. అక్క తనను చూసుకుని, "ఏంది సారూ, నన్ను గిట్ల సాగదీసినవ్? నేనేమన్న జంతికల పిండినా?" అన్నది. ఆమె పక్కన నా పొట్ట నాకంటే ముందు ఫొటోలోకి వచ్చినట్టుంది. ఇక నడిమధ్యన, తెరలో సగం ఆక్రమించి, రెండు గుండ్రటి కొండల్లాగా మా బావమరిది మోకాళ్లు. వాటి వెనక ఎక్కడో మా ఆవిడ, బొటనవేలంత.

మా ఆవిడ టీవీ దగ్గరకు వెళ్లి చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"నా రోలేదండీ?"

రోలు లేదు. ఎడమ మోకాలి వెనక ఉంది. పొత్రం కొస కూడా కనబడలేదు.

నేను వెంటనే కాంతి గురించి, దగ్గరగా ఉన్నవి పెద్దవిగా, దూరంగా ఉన్నవి చిన్నవిగా చూపించడం ఈ లెన్సు స్వభావమనీ, అది లోపం కాదనీ చెప్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ వింటున్నట్టే ఉంది. చివరికి, "మూలలు మాత్రం బాగున్నాయి," అన్నది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నన్ను తిట్టిన తిట్లలో దానికి సాటి లేదు. అక్క మొహం అటు తిప్పుకుంది, నవ్వుకో జాలికో తెలియదు.

మర్నాడు పొద్దున్నే వరండాలో గరగరమనే చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆ చప్పుడు ఏళ్ల తరబడి విని, ఏళ్ల తరబడి మరిచిపోయినది. లేచి వెళితే, మా ఆవిడ పీట వేసుకుని రోట్లో మినప్పిండి రుబ్బుతున్నది. పప్పు ముందురోజు సాయంత్రమే, టీవీ కట్టేసి నానబోసిందట. నాతో అనలేదు. అక్క ఎదురుగా కూర్చుని చేత్తో పిండి తోస్తున్నది. రోలును కట్టుకుపోవడానికి తాడూ గోనె కూడా పక్కనే సిద్ధంగా పెట్టుకుంది.

కెమెరా తెచ్చాను. అలవాటు కొద్దీ ప్రహరీ గోడకు వీపు ఆనించాను. బొటనవేలంత. రెండడుగులు ముందుకు వేశాను. చూపుడువేలంత. ఇంకొంచెం దగ్గరకు, ఇంకొంచెం. దూరంగా నిలబడి లోకమంతా పట్టెయ్యొచ్చనే ఆశతోనే ఈ లెన్సు కొన్నాను. ఈ వెధవది నన్ను రోటి దాకా నడిపించింది. చివరికి గచ్చుమీద మోకాళ్లు ఆనించి (అవి చేసిన చప్పుడు రోటి చప్పుడులో కలిసిపోయింది), ఆవిడ చేతికి జానెడు దూరంలో కెమెరా పెడితే గాని మనిషి మనిషంత కాలేదు. పిండి చింది ఆ కప్పకన్ను మీద పడింది. తుడిచాను. మళ్లీ పడింది. అలాగే ఉండనిచ్చాను.

ఆవిడ పొత్రం ఆపకుండా, తలెత్తకుండా అన్నది: "ఇంత దగ్గరకొచ్చి ఈ పని చూడ్డం ఇదే మొదలు మీరు."

క్లిక్కుమంది. ఆవిడ చెయ్యి ఆవిడ మొహమంత, రోలు బావి అంత, వెనకాల వరండా అంతా విల్లులా వంగి. తెర చూపిస్తే, "నా ముక్కేటి, దోసకాయలా ఉంది!" అన్నది. కాని తీసెయ్యమనలేదు.

గేటు దగ్గర మేస్త్రీ గునపం పట్టుకుని, "సాబ్, ఖోద్ దూఁ క్యా?" అని కేకేశాడు, తవ్వెయ్యమంటారా అని.

"జల్ది దియ్యమ్మా పిండి, బస్సు పోతది," అన్నది అక్క. ఈసారి బస్సు తప్పడం ఆమెకు ఇష్టం లేదు. రోలు చేతికొచ్చింది కదా.

"ఉండమనండి. ఇంకొక్క వాయి ఉంది," అన్నది మా ఆవిడ.

మేస్త్రీ ప్రహరీ మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఆ పొద్దున డైరీలో నేను రాసుకున్నది ఇది: 'సోమవారం. ఎండ. లెన్సు దగ్గరగా కూడా బాగానే పనిచేస్తోంది. కింది ఎడమ మూల కాస్త మెత్తగా ఉంది, పిండి వల్ల కావచ్చు.' అంతే. ఆవిడ అన్న మాట రాయాలని ఆ కుర్రకుంకకు తోచలేదు.